తాడుకు రెండో కొస

కిత్నోస్ దీవి
1906, పెద్ద ఉపవాసాలు మొదలైన వారం

కలిరోయి అక్కకు,

ఈ ఉత్తరం నేనే రాస్తున్నాను. ఫాదరు గ్రిగోరిస్ చేత రాయిస్తే మధ్యలో రెండు ప్రార్థనలు ఇరికించి, నా తిట్లు తీసేస్తాడు. అక్షరాలు వంకరగా ఉన్నా నావి. ఓపిగ్గా చదువుకో.

ఈస్టరు వెళ్లగానే ఏథెన్సులో ఆటల పోటీలట. దేశదేశాల వాళ్లు ఓడలెక్కి వస్తున్నారట. పదేళ్ల కిందట పెట్టినప్పుడు నీళ్లు మోసుకునే మనవాడొకడు ఎవరికీ అందకుండా పరిగెత్తి గెలిచాడు గుర్తుందా? ఆ ఏడాది మన కాఫీ కొట్టులో ప్రతివాడూ తానే పరిగెత్తినట్టు రొప్పాడు. ఈసారి తాడు లాగే పోటీ కూడా ఉందట. అటు ఎనిమిది మంది, ఇటు ఎనిమిది మంది, మధ్యలో ఒక తాడు. వినగానే నవ్వొచ్చింది. మేం రోజూ పొద్దున్నే ఒడ్డున చేసే పని అదే కదా! వల లాగినందుకు ఇన్నాళ్లూ చేపలే దొరికాయి, ఇప్పుడు పతకం కూడా ఇస్తారన్నమాట.

మార్చి ఇరవై ఐదు పండగ నాడు మీ పిరయస్ రేవు పక్క మైదానంలో జట్లను లాగించి చూస్తారట. గెలిచినవాళ్లను దేశం జట్టు కోసం ఏథెన్సులో పెద్దవాళ్లకు చూపిస్తారట. నా వల మనుషులను ఎనిమిది మందిని తెస్తున్నాను.

ఇది చెబితే స్తమాతిస్ ఏమన్నాడో తెలుసా? నా వల మీద నా తరవాతివాడు, నా చేతి కింద పెరిగినవాడు, అందరి ముందూ అన్నాడు: "పెద్దాయనా, లాగడానికి మేమున్నాం. అరవడానికే మనిషి కావాలి. నీ గొంతు పోయింది. ఈ మధ్య నువ్వరిస్తే పిల్లులు కూడా తిరిగి చూడట్లేదు."

కొట్టంతా నవ్వింది. నేను లేచి శంఖం బల్ల మీద పెట్టాను. నాన్న ఊదిన శంఖం. అది ఎవరి చేతిలో ఉంటే వాడు ఊదితేనే మనుషులు ఒడ్డుకొస్తారు, వాడు అరిస్తేనే వల కదులుతుంది. "ఓడితే ఈ శంఖం నాది కాదు. మమ్మల్ని ఓడించిన జట్టులో తాడు చివర నిలబడ్డవాడికి ఇచ్చేస్తాను. వల దగ్గర నా పెత్తనం కూడా ఆ పూటతో సరి" అన్నాను. చివరివాడే ఎందుకంటే, వాడు జట్టుకు వేరు లాంటివాడు. మిగతావాళ్లు కొమ్మలు. ఫాదరు కూడా విన్నాడు.

నీ ఇంటికి మాత్రం రాను. ఎందుకో నీకు తెలుసు. పెద్ద చేపల మంద పడిన రోజు వల సంచి ఒడ్డుకు చేరుతుంటే, బరువుకు చినక్కుండా "సడలండ్రోయ్" అని నేనరిచాను. నీ కొడుకు ఆంగెలిస్ సడలించలేదు. వల చినిగింది, చేపలన్నీ సముద్రంలోకే పోయాయి. నా మాట వినని చెయ్యి నా తాడు పట్టకూడదన్నాను. వాడు "నేను సడలించాను మామా" అని ఎదురు చెప్పి, మీసాలైనా రాకముందే రేవుకు పోయాడు. వాడి సంగతి నేనడగను. నువ్వూ రాయకు.

మైదానానికి రా. మేం గెలవడం చూద్దువుగాని.

లాంబ్రోస్


పిరయస్ రేవు
ఉపవాసాల మూడో వారం

తమ్ముడూ,

నీ ఉత్తరం చదవడానికి నాకు పొద్దంతా పట్టింది. శనగల కుండ మాడింది. కూలీలు ఆ మాడు శనగలే తిని, "కలిరోయమ్మా, కొత్త రుచిగా ఉంది" అన్నారు. నీ పుణ్యమే.

ఒక్క మాట సరిగ్గా చెప్పు. శంఖం ఇచ్చేది తాడు చివర నిలబడ్డవాడికే కదా? ముందున్నవాడికి కాదు, మధ్యవాడికి కాదు, చివరివాడికి. మళ్లీ ఒకసారి రాసి పంపు. నీ సంతకం పెట్టి. ఊరికే అడుగుతున్నాను.

ఇక్కడ మా రేవు హమాలీలు కూడా జట్టు కట్టారు. ఓడల నుంచి బస్తాలు మోసే మనుషులు, మెడలు చూస్తే ఎద్దులు గుర్తొస్తాయి. పైగా ఉపవాసాల్లో దొంగతనంగా మాంసం తింటున్నారు. వండేది నేనే. ఆదివారం చర్చిలో ఒక కొవ్వొత్తి ఎక్కువ వెలిగిస్తున్నాను, దేవుడు లెక్క సరిచేసుకుంటాడు. మీరు ఉట్టి శనగలూ ఆలివులూ తిని వీళ్లమీదికి వస్తున్నారా? వచ్చేటప్పుడు దుప్పట్లు తెచ్చుకోండి, పడ్డప్పుడు కిందేసుకోవచ్చు.

మైదానానికి నేను రాను. పండగపూట ఉప్పుచేప వేయించాలి, వెల్లుల్లి నూరాలి, కొట్టుకు రేవంతా వస్తుంది.

నువ్వు రాయొద్దన్నవాడి గురించి నేనేమీ రాయను. రోజుకు మూడు గిన్నెలు తింటాడని రాయను. ద్వారబంధం వాడి తలకు తగులుతోందని రాయను. నీ పేరు ఎవరైనా ఎత్తితే లేచి బయటికి పోతాడని, కాని మరీ దూరం పోకుండా గుమ్మం పక్కనే నిలబడి వింటాడని అస్సలు రాయను.

అక్క


కిత్నోస్
ఉపవాసాల నాలుగో వారం

అక్కా,

మళ్లీ రాస్తున్నాను, కళ్లు పెట్టుకుని చదువు. తాడు చివర నిలబడ్డవాడికే. వాడు హమాలీ అయినా, జర్మనువాడైనా, నా శత్రువైనా సరే. లాంబ్రోస్ మాట ఒక్కటే ఉంటుంది. సంతకం కింద పెట్టాను, పెద్దగా.

మాంసం తినేవాళ్లని చూసి నేను భయపడాలా? ఫాదరును అడిగాను, పోటీకి పోయేవాళ్లకు గుడ్లయినా పెట్టొచ్చా అని. "ఆక్టోపస్ తినండి, దానికి నెత్తురు లేదు, ఎనిమిది చేతులున్నాయి, మీరూ ఎనిమిది మందే" అన్నాడు. రోజూ అదే తింటున్నాం. నా భార్య మరూసా దాన్ని రాతికేసి బాదే చప్పుడు విని, కోడిపుంజు కూయకముందే ఊరు లేస్తోంది.

సాధన బాగా సాగుతోంది. మొదట రాతికి తాడు కట్టి లాగాం. రాయి కదల్లేదు, అది దీవిలో భాగమని తరవాత తెలిసింది. ఆ మీదట ఒడ్డున కట్టేసిన సరుకు పడవను లాగాం. మొత్తం ఇసక మీదికి వచ్చేసింది. దాని కెప్టెన్ లోపల నిద్రపోతున్నాడు. లేచి బయటికి కాలు పెట్టి, నీళ్లనుకుని గట్టు మీదికి ఈత కొట్టబోయాడు. మూతి పగిలింది. వాడి తిట్లు ఫాదరు చేత రాయించాల్సినవి.

స్తమాతిస్ నోరు కూడా తగ్గింది. నేను "లాగండ్రోయ్" అంటే ఎనిమిది వీపులు ఒక్కసారే వంగుతున్నాయి. నా గొంతు పోలేదక్కా. పిల్లులకే చెవులు పోయాయి.

మేం పడవలోనే పడుకుంటాం. భోజనం పంపకు.

లాంబ్రోస్


కిత్నోస్
మార్చి ఆఖరు

అక్కా,

పోటీ అయిపోయింది. మనవాళ్లు కొంచెంలో పోగొట్టుకున్నారు.

ఏం జరిగిందో చెప్తాను. మైదానంలో గడ్డి తడిగా ఉంది. తాడు కొత్తది, జారుతుంది. జడ్జీ మీ రేవు మనిషి. గాలి మా మొహాలకు ఎదురుగా కొట్టింది. జట్లు ఎక్కువ, పొద్దు తక్కువ అని ఒక్క లాగుడే పెట్టారు. రెండో లాగుడు ఉంటే చూపించేవాళ్లం.

మీ హమాలీల జట్టులో చివర ఎవడో పొడుగాటివాడు నిలబడ్డాడు. మొహం చూడలేదు. ఎండ కంట్లో పడింది.

శంఖం గురించి తరవాత రాస్తాను. ఇప్పుడు జలుబు చేసింది.

లాంబ్రోస్


పిరయస్
ఈస్టరు ముందు వారం

తమ్ముడూ,

గడ్డి తడిగా ఉందా? ఆ మైదానంలో గడ్డి మొలిచి మూడు తరాలైంది. ఆ రోజంతా దుమ్మే. నా ఉప్పుచేపల మీదికి వచ్చి పడింది, నాకు తెలియదా?

ఇప్పుడు నిజంగా ఏం జరిగిందో నేను చెప్తాను విను. వాళ్లు ఎనిమిది మంది కొట్టుకొచ్చి బల్ల చుట్టూ కూర్చుని ఒకడి మీద ఒకడు పడి చెప్పారు. నవ్వుతోనే సగం చేపలు గొంతుకడ్డం పడ్డాయి.

మీ ఎనిమిది మందీ లాగుతుంటే మా హమాలీల మడమలు నేలను దున్నుకుంటూ పోయాయట. "ఆ ముసలాయన గొంతేమిటమ్మా, ఓడ కూతలాగా! ఆయన అరిచినప్పుడల్లా ఒక అడుగు పోయాం" అన్నాడు ముందు నిలబడ్డవాడు. తాడు మీవైపు వచ్చేసింది. గుర్తు దాటడానికి ఒక్క జానెడుంది. మీరు గెలిచేశారు. అప్పుడు నువ్వేం చేశావు లాంబ్రోస్?

వల సంచి ఒడ్డుకొచ్చినప్పుడు ఏం చేస్తావో అదే చేశావు. పుట్టినప్పటి నుంచీ చేసినదే. "సడలండ్రోయ్!" అన్నావు.

నీ మనుషులు ఎనిమిది మందీ టక్కున సడలించారు. వల చినక్కుండా కాపాడారు. కాని అక్కడ వల లేదు నాయనా! మా ఏడుగురూ తాడుతో సహా వెనక్కి వెల్లకిలా పడ్డారు, మీవాళ్లు తాడు వెంట గుర్తు దాటి వాళ్ల ఒళ్లోకొచ్చి పడ్డారు. కూర్చుని గెలిచిన జట్టును జడ్జీ ఎప్పుడూ చూడలేదట.

ఏడుగురన్నాను, చూశావా? ఎనిమిదోవాడు పడలేదు. తాడు చివర నిలబడ్డవాడు. నీ గొంతు వినగానే వాడి చేతులు కూడా తెరుచుకున్నాయి. తాడు వదిలేసి, రెండు చేతులూ చాచి నిలబడిపోయాడు. నీకు ఎదురు జట్టులో ఉండి! మావాళ్లు లేచి దుమ్ము దులుపుకుని వాడి మీద పడ్డారు. "ఒరే ఆంగెలిస్, నువ్వెవరి మనిషివిరా?" అని. వాడు, "ఏమోరా, ఆ మాట వింటే నా చేతులు నన్నడగవు" అన్నాడట.

అవును. నీ మేనల్లుడే. నేను చెప్పలేదు. చెబితే నువ్వు పడవెక్కేవాడివా?

వాడు ఈ మాట చెప్పినప్పుడు నవ్వలేదు. గిన్నె ఒక్కటే తిన్నాడు. నాకు నువ్వు రాసిన వల చినిగిన రోజు గుర్తొచ్చింది. "నేను సడలించాను మామా" అన్నాడని నువ్వే రాశావు. నేనింక ఏమీ అనను. నీకు బుర్ర ఉంది, గొంతు మాత్రమే కాదు.

శంఖం ఎక్కడ? నీ సంతకం నా దగ్గరుంది. పెద్దగా ఉంది.

అక్క


కిత్నోస్
ఈస్టరు మర్నాడు

అక్కా,

క్రీస్తు లేచాడు. గొర్రె బాగా కాలింది. ఎర్రగుడ్లు కొట్టుకునే ఆటలో ఊళ్లో అందరివీ పగలగొట్టాను. ఇది ముందు రాసుకో.

ఎండ కంట్లో పడలేదు. చూశాను. తాడు పట్టుకోకముందే చూశాను. వాడి నాన్న నడకే. నేను పక్కకు తిరిగాను, వాడూ పక్కకు తిరిగాడు. ఇద్దరం గాడిదలమే.

వాడి చేతులు నిజంగా తెరుచుకున్నాయా? మావాళ్లు నా వైపు మొహాలు పెట్టి లాగుతున్నారు, వాళ్లు చూడలేదంటున్నారు. నేను సడలండి అన్నాక ఏం చేశానో అని నాలుక కరుచుకుని కళ్లు మూసుకున్నాను. సిలువ మీద ప్రమాణం చేసి రాయి.

వద్దులే, రాయకు. నువ్వు అబద్ధం చెప్పవు.

శంఖం సరుకు పడవ కెప్టెన్ చేతికిచ్చి పంపుతున్నాను. మూతి ఇంకా వాచే ఉంది, అయినా తీసుకుపోతానన్నాడు. మరూసా ఉన్నిగుడ్డలో చుట్టింది. ఇవ్వనంటే ఊళ్లో ఎవరూ అడిగేవాళ్లు కాదు, అది కూడా రాసుకో. స్తమాతిసే నా కాళ్లకు అడ్డం పడ్డాడు: "పెద్దాయనా, ఓడామని ఎవడన్నాడు? ఎనిమిది మందీ ఒక్క క్షణంలో సడలించాం. ఏ వల మనిషినైనా అడుగు, అది ఓటమా? నీ గొంతు గురించి నేనన్నది వెనక్కి తీసుకుంటున్నాను, శంఖం ఉంచు." నేనన్నాను, "నువ్వు మాట వెనక్కి తీసుకుంటావు, నేను తీసుకోను. అందుకే శంఖం ఇన్నాళ్లూ నా దగ్గరుంది, నీ దగ్గర లేదు."

వాడికివ్వు. ఇచ్చేటప్పుడు ఏమీ చెప్పకు.

ఆ రోజు చినిగిన వల పాతది. ఎవడు లాగినా చినిగేదే. ఈ ముక్క మాత్రం వాడికి చదివి వినిపించు.

ఇప్పుడు పొద్దున్నే ఇంటింటికీ పోయి తలుపులు కొట్టి మనుషులను లేపుతున్నాను. కుక్కలు వెంటపడుతున్నాయి.

లాంబ్రోస్


పిరయస్
ఏప్రిల్ ఆఖరు

తమ్ముడూ,

ఆటలు చూసొచ్చాను! కాళ్లు ఇంకా లాగుతున్నాయి. ఆంగెలిస్ తీసుకెళ్లాడు. మా హమాలీలను అసలు జట్టులోకి తీసుకోలేదులే, కూర్చుని గెలిచినవాళ్లు మాకొద్దన్నారట. అందుకని మేమందరం తెల్లరాతి మెట్ల మీద కూర్చున్నాం. మెట్లా అవి? కొండనే మెట్లుగా కోసినట్టుంది. మన దీవి జనమంతా వచ్చి కూర్చున్నా ఒక మూల నిండదు.

ఒక్కో దేశం వాళ్లు ఒక్కో జెండా పట్టుకుని వరసగా నడిచి లోపలికొచ్చారు. పెళ్లి ఊరేగింపులు చాలా చూశాను కాని, ఇంతమంది పెళ్లికొడుకులను ఒక్కసారి చూడలేదు. నిలబడ్డచోటి నుంచే, పరుగు లేకుండా, మనిషెత్తు ఎగిరి దూకే అమెరికావాడొకడు ఉన్నాడు. రాయి విసరడంలో మనవాడు గెలిచాడు. తాడెక్కడంలో కూడా మనవాడే. దూరం పరుగు మాత్రం, అందరం మనవాడొస్తాడని గుమ్మం వైపు మెడలు చాచి కూర్చుంటే, కెనడా నుంచి వచ్చినవాడు టోపీ పెట్టుకుని వచ్చేశాడు. చాచిన మెడలు వెనక్కి లాక్కున్నాం. తరవాత పాపం అలిసిపోయాడు కదా అని చప్పట్లు కొట్టాం. వాడికి గొర్రెపిల్లనిచ్చారట. ఓడలో ఎలా తీసుకుపోతాడో!

తాడు లాగుడు చివరికి జర్మనులకూ మనవాళ్లకూ పడింది. జర్మనులే గెలిచారు. వాళ్లు మనవాళ్లను గుర్తు దాకా లాక్కుపోతుంటే, నీ మేనల్లుడు లేచి నిలబడి నోరు తెరిచాడు. ఏమనబోతున్నాడో నాకు తెలుసు. వాడి నోట్లో తలగుడ్డ కొంగు కుక్కాను. "ఏమ్మా, జర్మనులకు చెబుదామనుకున్నాను" అన్నాడు. "వాళ్లకు మన భాష రాదురా" అన్నాను. పక్కనున్నవాళ్లు మాకు పిచ్చనుకున్నారు.

ఇక శంఖం. నువ్వన్నట్టే ఏమీ చెప్పకుండా ఇచ్చాను. పాత వల ముక్క చదివి వినిపించాను. రెండుసార్లు చదవమన్నాడు. తరవాత గిన్నెలు మూడు తిన్నాడు.

చాలా రోజులు పొయ్యి పైన మేకుకు తగిలించి చూస్తూ ఉండేవాడు. నిన్న పొద్దున్నే రేవులోకి పట్టుకుపోయి ఊదాడు. బస్తాలు మోసేవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. ఓడలో వంటవాడు బయటికొచ్చాడు, పోలీసు కూడా వచ్చాడు. "దేనికి ఊదావు?" అంటే నీ మేనల్లుడు, "ఇక్కడ దీనికి పని లేదండీ" అన్నాడట. ఇంటికొచ్చి చొక్కాలు మూట కట్టుకున్నాడు.

శనివారం పడవకు వస్తున్నాడు. చేపల కాలమంతా ఉంటానన్నాడు, ఆ తరవాతది మీ ఇద్దరూ చూసుకోండి. నేను రాను, కొట్టు ఎవరు చూస్తారు? వాడు పడవ దిగగానే నువ్వు ఉపన్యాసం మొదలుపెట్టకు. ముందు తిండి పెట్టు. మూడు గిన్నెలు.

అక్క


కిత్నోస్
మే నెల

అక్కా,

వచ్చాడు. తిండి పెట్టాం. మూడు కాదు, నాలుగు. మరూసా నీకు చెప్పమంది.

ఎలా వచ్చాడో వినాలి. పడవ ఇంకా మలుపు తిరగలేదు. నేను ఒడ్డున రాయి మీద కూర్చుని ఉన్నాను, పని ఉండి కూర్చున్నాను, వాడికోసం కాదు. శంఖం మోగింది. పడవ ముందు భాగంలో నిలబడి ఊదుతున్నాడు. నాన్న ఊదినట్టు, మొదట చిన్నగా, తరవాత పొడుగ్గా. ఆ ఊదుడు వాడికి నేనే నేర్పాను.

నా మనుషులు కాఫీ కప్పులు వదిలేసి ఇళ్లలోంచి, కొట్టులోంచి పరిగెత్తుకొచ్చారు. స్తమాతిస్ ఒక కాలికి చెప్పుతో వచ్చాడు. వల వేయడం అప్పటికే అయింది, లాగడమే మిగిలింది. నన్నెవరూ అడగలేదు. నేను చెప్పకముందే తాడు పట్టుకున్నారు. నాకు కోపం వచ్చింది. ఇంతకాలం నేను ఊదితే ఆవలిస్తూ వచ్చేవాళ్లు!

ఆంగెలిస్ నడుంలోతు నీళ్లలోకి దూకి, నడిచి ఒడ్డుకొచ్చాడు. నా ముందు నిలబడి శంఖం చాచాడు. "మామా, ఇది నీది."

"నాది కాదు. ఓడిపోయాను."

"నేను తాడు వదిలేశాను కదా మామా. నేనూ ఓడినట్టే."

"చివర నిలబడ్డావా లేదా?"

"నిలబడ్డాను."

"అయితే నోరు మూసుకుని అరవరా" అన్నాను.

స్తమాతిస్ తాడు పట్టుకునే, "నోరు మూసుకుని ఎలా అరుస్తాడు పెద్దాయనా?" అన్నాడు. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. చిన్నప్పటి నవ్వే, మీసాలు కొత్తవి.

అరవడం మొదలుపెట్టాడు. గొంతు బాగుంది, నా అంత లేదు. నేను పక్కన నిలబడి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, పోయి తాడు చివర పట్టుకున్నాను. చివర, అక్కా. ఎప్పుడో కుర్రతనంలో పట్టుకున్న చోటు. వీపు పట్టేసింది, అది వేరే సంగతి. లాగాను. వల బరువుగా వస్తోంది. సంచి అలల మీదికి తేలింది, లోపల వెండిలాగా మెరుస్తోంది, చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఇంకొక్క గుంజుడు గుంజితే ఒడ్డుకొచ్చేస్తుందని నా ఒళ్లంతా చెబుతోంది. నేనైతే ఇంకొక్క క్షణం ఆగేవాణ్ని.

వాడు ఆగలేదు. "సడలండ్రోయ్!" అన్నాడు.

ఇంకా వేళ కాలేదురా అని తిడదామని నోరు తెరిచాను. చూస్తే నా చేతులు అప్పటికే సడలిపోయాయి.

వల చినగలేదు. కెప్టెన్ చేతికి ఒక గంప చేపలు పంపుతున్నాను. హమాలీలకు కూడా వేయించి పెట్టు.

లాంబ్రోస్